హందీరా వేలం

మే 8, బుధవారం

మా ఆయన లహ్సెన్ పొద్దున టిమహ్దిత్ నుంచి దిగాడు. బండి నిండా సరుకు. ఒక సంచిలో తివాచీలు, ఒక సంచిలో పాత దుప్పట్లు. కొండ ఊళ్లు తిరిగే ఒక బండివాడి దగ్గర అంతా కలిపి గంపగుత్తగా కొన్నాడట. "దులిపి ఆరెయ్యి ఇట్టో, రేపు ఫోటోలు తీద్దాం" అన్నాడు. తిని పడుకున్నాడు.

రెండో సంచి అడుగున హందీరా ఉంది.

అది మా అమ్మమ్మ ఇజ్జాది. ఎర్ర చారలన్నీ అయ్యాక అంచు దగ్గర ఒక్క చార నీలం. ఎర్ర ఉన్ని అయిపోయింది, రంగులవాడు ఊరికి రాలేదు, పెళ్లి ముంచుకొచ్చింది, నీలంతో ముగించేసింది. పెళ్లికూతురు భుజాన వేసుకునే దుప్పటికి నీలం అంచేమిటని అత్తగారు బతికున్నంత కాలం దెప్పేదట. చమ్కీలు సగం నల్లబడ్డాయి. చిన్నప్పుడు దాని కింద దూరి కదిలేదాన్ని, రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడయ్యేది.

నా పెళ్లికి అది కావాలని అమ్మ అడిగింది. చిమటలు కొట్టేశాయి, పారేశాం అన్నాడు అమ్మ తోడబుట్టిన హద్దూ మామ. పక్కింటివాళ్ల హందీరా అరువు తెచ్చి నాకు కప్పారు. మర్నాడు పొద్దున్నే మనిషిని పంపి తీసుకుపోయారు.

చిమటలు కొట్టలేదు. ఎండకు ఎత్తి పట్టి చూశాను. ఒక్క చిల్లు లేదు.

లహ్సెన్‌కి చెప్పలేదు. చెబితే వెళ్లి మామని అడుగుతాడు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఆ ఇంట్లోనే తింటోంది.

దులిపాను. ఆరేశాను.

మే 9, గురువారం

ఫోటోలు తీశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే ఎరుపు నారింజలా పడుతుంది, అందుకని నీడ వచ్చేదాకా ఆగాం. రాయడం ఈ ఇంట్లో నా పని. ఐదో తరగతితో బడి మానేసినా నా అక్షరాలే నయం, లహ్సెన్‌కి అంకెలు వచ్చు గానీ అక్షరాలంటే చిరాకు. "పెళ్లి హందీరా, చేనేత, పాతది, చిల్లుల్లేవు" అని రాశాను. ఫోనులో వేలం, పాట వెయ్యి దిర్హాముల నుంచి మొదలు. వచ్చే గురువారం సాయంత్రం ఐదింటికి ముగింపు. ఐదు కాగానే యంత్రమే తలుపు మూసేస్తుంది, అప్పటికి ఎవరి పాట పైన ఉంటే సరుకు వాళ్లది.

నీలం అంచు ఫోటో పెట్టలేదు. వెలుతురు చాల్లేదు.

మే 10, శుక్రవారం

ఎవరూ పాడలేదు. మంచిదే. మంచిదని ఎందుకు రాశానో.

మే 12, ఆదివారం

మెక్నెస్ నుంచి ఒకావిడ మొదటి పాట పాడింది. పేరు లల్లా బతూల్. వెంటనే ఫోనులో మాట కూడా పంపింది. "సరుకు పెట్టినవాళ్లెవరమ్మా? అన్ని వైపులా ఫోటో తీసి ఒక అంచు వదిలేశారేం? ఎలక కొట్టిందా?"

ఎలక కొట్టలేదు అని రాసి పంపాను. మళ్లీ మాట వచ్చింది. "నాకు చదువు రాదు తల్లీ. పాటలు నా కూతురు నొక్కి పెడుతుంది. నువ్వు నోటితో చెప్పు."

తెలియని మనుషులతో నేను మాట్లాడను. లహ్సెన్ బయట బండి కడుగుతున్నాడు, మా మామగారు బా మొహా నమాజులో ఉన్నారు. ఆయన ముందే నాకు నోరు పెగలదు, అయినా రెండుసార్లు చెరిపి మూడోసారి చెప్పాను: "ఎలక కాదు లల్లా. అంచు నీలంగా ఉంటుంది. ఫోటో పంపుతున్నాను."

"నీలమా! అయ్యో, ఎంత ముద్దుగా ఉంది. ఎవరో తొందరలో ఉన్న పిల్ల నేసినట్టుంది" అంది. నవ్వింది.

ఆవిడ కూతురి పెళ్లి వచ్చే నెలలో. ఆవిడ వాళ్లమ్మ హందీరాని నలుగురు అక్కచెల్లెళ్లూ పంచుకుని, నాలుగు ముక్కలు చేసుకున్నారట. "ఒకత్తి దిండు గలీబు కుట్టించుకుంది, ఒకత్తి దాన్ని ఏం చేసిందో దానికే తెలియదు. నా ముక్క పెట్టెలో ఉంది. పిల్లకి ముక్క కప్పి పంపనా?"

వద్దు లల్లా అన్నాను.

మే 13, సోమవారం

మన సరుకు కొనేవాళ్లకి ఎలా కనిపిస్తుందో చూద్దామని నా పాత ఫోనులో కొనేవాళ్ల ఖాతా ఒకటి తెరిచాను. పేరు అడిగింది. ఇజ్జా అని పెట్టాను. చూడటానికే.

ఫోటోలు బాగానే పడ్డాయి.

మే 14, మంగళవారం

లహ్సెన్ సంతకి వెళ్లాడు. నేనూ బా మొహా వాకిట్లో ఉన్ని చిక్కు తీస్తూ కూర్చున్నాం. మోకాళ్లు పోయాక ఆయన సంతకి వెళ్లడం మానేశారు గానీ మంగళవారం వచ్చిందంటే మనిషి కుదురుగా ఉండరు. అజ్రూ సంతలో ముప్ఫయ్యేళ్లు దల్లాల్‌గా చేశారు. కొండ ఆడవాళ్లు తెచ్చిన తివాచీ భుజాన వేసుకుని, వరసగా కూర్చున్న వ్యాపారుల మధ్య తిరుగుతూ పాట పాడించేవారు.

ఆయనంతట ఆయనే చెబుతారు, నేను వింటాను, అది మాకు అలవాటు. ఇవాళ నేనే అడిగాను. "బా మొహా, అమ్మేవాళ్లింటి మనిషి పాట పాడొచ్చా?"

చిక్కు తీయడం ఆపి నా వైపు చూశారు. "కొనడానికైతే పాడొచ్చు. పక్కవాడి పాట పెంచడానికైతే అది నజష్. హరాం."

"ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"పాట తనకే తగిలాక మొహం చూడు. కొనేవాడు నవ్వుతాడు. పెంచేవాడు చచ్చినట్టుంటాడు." పగలబడి నవ్వారు. "ఎన్ని మొహాలు చూశానో!"

తర్వాత అసలు సంగతి చెప్పారు. పాట ఎంతకి ఆగినా, అక్కడితో అమ్మకం అయినట్టు కాదట. సరుకుగలామె దగ్గరికి తిరిగొచ్చి, ఇంత పలికింది, ఏమంటావు అని అడగాలి. ఆమె 'అల్లా యర్బహ్' అనాలి, దేవుడు నీకు లాభం చెయ్యాలి అని. అంటేనే బట్ట చేతులు మారుతుంది. అనకపోతే మడత పెట్టి ఇంటికి పట్టుకుపోతుంది, ఎవరూ తప్పు పట్టరు.

మర్రాకెష్ దుకాణం వాడెవడో పాట పెంచాడు. లల్లా బతూల్ మళ్లీ పెంచింది.

మే 15, బుధవారం

మర్రాకెష్ వాడు ఇంకోసారి పెంచాడు. లల్లా బతూల్ పద్దెనిమిది వందలు పాడింది. వాడు తప్పుకున్నట్టే ఉన్నాడు.

ఆవిడ మాట పంపింది. "తల్లీ, నా చేతిలో ఉన్నది ఇంతే. పద్దెనిమిది వందలు. ఇక ఒక్క అడుగు కూడా వెయ్యలేను, వంటవాళ్లకి బయానా ఇవ్వాలి. వాడు మళ్లీ వస్తాడంటావా?"

"రాకపోవచ్చు లల్లా" అన్నాను.

ఆవిడతో మాట్లాడటం ఇప్పుడు భయంగా లేదు. ఇవాళ చెరపకుండా ఒకేసారి చెప్పాను.

ఉన్ని వడికిన డబ్బు టీ డబ్బాలో ఉంది. తీసి చూశాను. ఊరికే చూశాను.

మే 16, గురువారం

మధ్యాహ్నం లల్లా బతూల్ అడిగింది. "ఐదింటి దాకా ఫోను పట్టుకుని కూర్చోవాలా తల్లీ? పిల్ల దర్జీ దగ్గరికి వెళ్దామంటోంది."

"అక్కర్లేదు లల్లా, మీదే పైపాట" అన్నాను.

అది నిజమే. అప్పటికి ఆవిడదే పైపాట.

సాయంత్రం అసర్ నమాజుకి ముందు ఉన్ని ఆరబెట్టడానికి మేడ మీదకి వెళ్లాను. పాత ఫోను నడుం పట్టీలో ఉంది. మేడ మీద సిగ్నలు బాగుంటుంది.

నేను బాగా ఆలోచించాను. ముందు నుంచీ పాడుతూ వస్తే ఆవిడ పాట పెరుగుతుంది. పెరిగిన డబ్బు మా ఇంటికే వస్తుంది. అదీ నజష్ అంటే. చివరిలో ఒక్కసారి పాడితే ఎవరి పాటా పెరగదు. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. నన్ను ఎవరూ చూడరు, నేను ఎవరినీ నెట్టను. పైగా లహ్సెన్ 'అల్లా యర్బహ్' అనేదాకా అది అమ్మకమే కాదు. నేను చేసేది నొక్కడం, అంతే.

పద్దెనిమిది వందల యాభై కొట్టి పెట్టుకున్నాను. ఐదవుతుండగా, ఇంకొక్క రెప్పపాటు ఉందనగా, నొక్కాను. ఆవిడ అంకె కిందకి జారింది. ఇజ్జా పైకి వచ్చింది. వేలు తీసేలోపల 'ముగిసింది' అని పడింది.

యంత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

కింద లహ్సెన్ టీ పోస్తున్నాడు. "ఇట్టో! అమ్ముడైంది! చివర్లో ఎవరో కొట్టుకుపోయారు!" అని అరిచాడు. వస్తున్నా అన్నాను. కాసేపు వెళ్లలేదు.

కొన్నవాళ్లు నవ్వుతారన్నారు బా మొహా. నాకు నవ్వు రాలేదు. ఎండ కళ్లలో పడుతోంది, అందుకు.

మే 17, శుక్రవారం

కుస్కుస్ తింటుండగా లల్లా బతూల్ మాట వచ్చింది. చేతులు ఖాళీగా లేవు, లహ్సెన్ మోచేత్తో నొక్కాడు. గదంతా వినిపించింది.

"ఎవరమ్మా ఆ ఇజ్జా? వారం రోజులు లేని మనిషి ఐదు గంటలకి ఎక్కడి నుంచి ఊడిపడింది? నేను అందరి ముందూ పాడాను. ఎవడు పెంచితే వాడి మొహం చూసి నేనూ పెంచాను. ఇది కొనడమా, జేబు కొట్టడమా? దర్జీ దగ్గర పిల్ల ఏడ్చింది. నీకు చెబుతున్నా తల్లీ, నీ తప్పని కాదు. ఎవరికో చెప్పుకోవాలిగా."

బా మొహా ముద్ద కింద పెట్టారు. "ఇంకా పెంచుతావా అని ఆ తల్లిని ఎవరైనా అడిగారా?"

"అడగడమేంటి నాన్నా? టైమైంది, మూసేసింది" అన్నాడు లహ్సెన్.

"నోరు తెరుచుకున్న మనిషి ముందు తలుపు మూస్తే అది పాట ఎలా అవుతుందిరా? నేను ఒకటోసారి అనేవాణ్ణి, రెండోసారి అనేవాణ్ణి. నీళ్లు తాగడానికి వెళ్లినవాడి కోసం ఆగేవాణ్ణి. అందరి నోళ్లూ మూతపడ్డాకే బట్ట భుజం దించేవాణ్ణి."

"ఆవిడకి ఇంకా ఇవ్వాలని ఉంటే ముందే పాడుకోవాల్సింది. ఆఖర్న పాడితే దొంగా, మొదట పాడితే దొరా? ఎక్కువ ఇచ్చినవాళ్లకి దక్కింది. ఇందులో తప్పేముంది?"

"ఆవిడకి జవాబు చెప్పే వీల్లేకుండా పాడింది, అదీ తప్పు."

లహ్సెన్ కూడా తగ్గలేదు. "మీ దల్లాలీ సంగతి నాకు తెలియదా? వ్యాపారులు నలుగురూ ముందే కూడబలుక్కునేవాళ్లు. వాడు గడ్డం గోక్కుంటే వీడు ఆపేసేవాడు. చలికాలమంతా నేసిన ఆడది మేక ధరకి అమ్ముకుని ఏడుస్తూ కొండెక్కేది. ఇక్కడ ఎవడి గడ్డం ఎవడికీ కనిపించదు."

బా మొహా కొంచెంసేపు నమిలారు. "అదీ నిజమే" అన్నారు. "నేనూ గోక్కున్నానులే ఒకటి రెండు సార్లు." ఇద్దరూ నవ్వారు.

"నువ్వేమంటావు ఇట్టో?" అన్నాడు లహ్సెన్.

నీళ్లు తెస్తానని లేచాను.

మే 18, శనివారం

ఇజ్జా ఖాతాకి లహ్సెన్ మూడుసార్లు ఫోను చేశాడు. పాత ఫోను ఆపేసి ఉన్ని మూటలో పెట్టాను.

డబ్బు కట్టాలంటే డబ్బు పంపించే కొట్టుకి వెళ్లి పేరు చెప్పి, గుర్తింపు కార్డు చూపించాలట. ఎక్కడికి పంపాలో చిరునామా ఇవ్వాలట. ఆ నొక్కడం దాకానే ఆలోచించాను. తర్వాత సంగతి నాకు తట్టనే లేదు.

మే 19, ఆదివారం

"ఈ ఇజ్జా పిచ్చిదో, కావాలని ఆడుకునేదో" అన్నాడు లహ్సెన్. "పలకదు, కట్టదు. అమ్మకం కొట్టేస్తాను."

"కొట్టేసి మళ్లీ వారం రోజులు గడియారానికి అప్పజెబుతావా?" అన్నారు బా మొహా. "నాకు అప్పజెప్పు. మంగళవారం మధ్యాహ్నం, ఈ వాకిట్లోనే. మెక్నెస్ ఆవిడని ఫోనులో పిలువు. ఆ ఇజ్జాకీ కబురు పెట్టు, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నోటితో పాడమను."

"నాన్నా, మీ మోకాళ్లు..."

"పాడేది మోకాళ్లతో కాదురా."

లహ్సెన్ నవ్వి సరేనన్నాడు. రెండు కబుర్లూ నా చేతే పెట్టించాడు. ఒకటి లల్లా బతూల్‌కి నోటితో చెప్పాను. రెండోది ఇజ్జాకి రాశాను. పంపాను.

సాయంత్రం పాత ఫోను తెరిస్తే నా కబురు నాకే వచ్చి ఉంది.

మే 20, సోమవారం

నేను నోరు మూసుకుంటే చాలు. ఇజ్జా రాదు, ఆవిడ పద్దెనిమిది వందలకే హందీరా ఆవిడకి వెళుతుంది, పెళ్లికూతురు కప్పుకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మామకి మాట రాదు, అమ్మకి ఇబ్బంది ఉండదు. నాకు ముందు లేదు, తర్వాతా ఉండదు. నష్టమేమీ లేదు.

నోరు మూసుకోవడం నాకు చేతనైన పనే.

మే 21, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

లహ్సెన్ సంత నుంచి తొందరగా వచ్చాడు. ఉన్ని ఉతికే తొట్టి బోర్లించి దాని మీద ఫోను పెట్టాడు. బా మొహా తెల్ల జెల్లాబా అంగీ వేసుకున్నారు. హందీరాని మడత విప్పి ఎడమ భుజం మీద వేసుకుని గోడ పట్టుకుని లేచారు. లేచాక గోడ వదిలేశారు. నేను గుమ్మం దగ్గర దువ్వెన బల్ల ముందు కూర్చుని ఉన్ని దువ్వుతున్నాను.

"వినబడుతోందా లల్లా?"

"వినబడుతోంది సిద్దీ. మా పిల్ల కూడా ఉంది. ఎదురింటి వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు."

"ప్రవక్తకి సలాములు చెప్పండి!"

అందరం చెప్పాం. ఫోనులో కూడా పదిమంది గొంతులు వచ్చాయి. ఆయన నడవడం మొదలుపెట్టారు. వాకిట్లో ఎవరున్నారని నడవడం? అయినా ఈ గోడ నుంచి ఆ గోడకి, ఒక్కో చోట ఆగి, ఎవరికో చూపిస్తున్నట్టు అంచు ఎత్తి పట్టి తిరిగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో మాట్లాడే గొంతు కాదు.

"లల్లా బతూల్ పద్దెనిమిది వందలంది! కొండ ఉన్ని, పెళ్లి బట్ట, నీలం అంచు! పద్దెనిమిది వందలు, ఎవరు పెంచుతారు? ఇజ్జా వచ్చిందా?"

"రాలేదు" అన్నాడు లహ్సెన్.

"ఒకటోసారి!"

ఆ గోడ దాకా వెళ్లొచ్చారు.

"రెండోసారి!"

నా ముందు నుంచి వెళుతుంటే చమ్కీలు చప్పుడు చేశాయి.

"యాభై" అన్నాను.

లహ్సెన్ నవ్వాడు. "ఏయ్, నువ్వూరుకో. ఆట అనుకున్నావా?"

బా మొహా నవ్వలేదు. "మాట వినబడింది. ఎవరిది?"

"నాది" అన్నాను. "పద్దెనిమిది వందల యాభై."

ఫోనులో గలగల ఆగిపోయింది. లల్లా బతూల్ అంది: "ఈ గొంతు నాకు తెలుసు. నువ్వు ఫోను పిల్లవి కదూ?"

"అవును లల్లా. ఇజ్జా కూడా నేనే. ఇజ్జా మా అమ్మమ్మ పేరు. అది మా అమ్మమ్మ నేసింది."

లహ్సెన్ నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. చేతిలో టీ గ్లాసు వంకరైంది, తొణికింది, చూసుకోలేదు.

"పద్దెనిమిది వందలే నా హద్దని నీకే చెప్పాను కదా తల్లీ."

"చెప్పారు."

"ఐదింటి దాకా కూర్చోవాలా అని అడిగాను."

"అడిగారు. అక్కర్లేదన్నాను."

బా మొహా నడక ఆపేశారు. నన్ను కాసేపు చూశారు. "అయితే ఇన్నాళ్లూ గడియారాన్ని అనవసరంగా తిట్టాను" అన్నారు.

చేతుల్లో ఉన్ని ఉండలు కట్టేసింది.

ఆయన హందీరాని భుజం మీద సర్దుకున్నారు. "పాట ఇంకా నడుస్తోంది. పద్దెనిమిది వందల యాభై. లల్లా, ఏమంటావు?"

"పందొమ్మిది వందలు!"

"లల్లా, పద్దెనిమిది వందలే హద్దన్నారుగా" అన్నాడు లహ్సెన్.

"అది గడియారానికి చెప్పిన మాట నాయనా. ఇప్పుడు ఎదురుగా మనిషి ఉంది. వంటవాడికి ఒక రకం కూర తగ్గిస్తాను."

"యాభై" అన్నాను.

"రెండు వేలు!" వెనకాల ఎవరో ఆడవాళ్లు సంబరంగా జగరీత్ కూత అందుకోబోతే ఆవిడ కసిరింది. "ఉండండే, ఇంకా కాలేదు!"

"యాభై."

"రెండు వేల వంద!"

టీ డబ్బాలో అంత లేదు. మళ్లీ ఉన్ని దువ్వడం మొదలుపెట్టాను.

లహ్సెన్ నా పక్కకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "పెంచు" అన్నాడు మెల్లిగా. "నేనిస్తాను. పెంచు."

"నీ డబ్బుతో నీ సరుకు కొనమంటావా?"

"నాతో ఒక్క మాట అంటే సరిపోయేదిగా ఇట్టో. ఒక్క మాట. సంచి విప్పిన రోజే ఇచ్చేసేవాణ్ణి."

ఇచ్చేసేవాడే. అది నాకు తెలుసు. అడగాలని తట్టకపోలేదు. అడగడం రాలేదు. నొక్కడం వచ్చింది.

"ఒకటోసారి!" అన్నారు బా మొహా. ఈసారి చాలా మెల్లిగా నడిచారు. "రెండోసారి!" నా ముందు ఆగారు. మామూలుగా ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగారు. నేను తల అడ్డంగా ఊపాను.

"మూడోసారి!"

అప్పుడాయన లహ్సెన్ వైపు తిరిగారు. "సరుకుగలవాడివి నువ్వు. రెండు వేల వంద పలికింది. మాట అంటావా, మడత పెట్టమంటావా?"

అప్పుడు గుర్తొచ్చింది లహ్సెన్‌కి. మొహం వెలిగింది. అతను మాట అనకపోతే అమ్మకం లేదు. మడత పెట్టి నా చేతిలో పెట్టొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మెక్నెస్‌లో ఆవిడకీ తెలుసు ఆ సంగతి. అయినా బతిమాలలేదు.

లహ్సెన్ నన్ను చూశాడు. అడుగుతున్నట్టు చూశాడు.

హందీరా నాకు అడుగు దూరంలో ఉంది. చెయ్యి చాపితే అంచు అందుతుంది.

"అను" అన్నాను.

"ఇట్టో..."

"ఆవిడ వింటోంది. అను."

"అల్లా యర్బహ్" అన్నాడు లహ్సెన్. బా మొహా గట్టిగా మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాడు.

మెక్నెస్‌లో జగరీత్ లేచింది. ఎంతసేపో ఆగలేదు. చివరికి లల్లా బతూల్ గొంతు వచ్చింది. "ఫోను పిల్లా, ఉన్నావా?"

"ఉన్నాను లల్లా."

"నీ మీద కోపం పోలేదు. పెళ్లయ్యేదాకా పోదు."

"సరే లల్లా."

"ఇంతసేపూ ఎదుటపడి పాడావు. అది నాకు నచ్చింది. అంతే, ఇంకేం లేదు" అని పెట్టేసింది.

బా మొహాని ఇద్దరం చెరో చెయ్యి పట్టి కూర్చోబెట్టాం. టీ అడిగారు, చక్కెర ఎక్కువ వెయ్యమన్నారు.

మే 22, బుధవారం

ఊడిన చమ్కీలు కుట్టాను. మడత పెట్టి, పాత దుప్పటిలో చుట్టి, తాడు కట్టాను. మెక్నెస్ బస్సుకి లహ్సెన్ ఇచ్చి వచ్చాడు.

రాగానే హద్దూ మామ సంగతి అడిగాడు. మొత్తం చెప్పాను. ఇప్పుడే బయల్దేరతానన్నాడు. వద్దన్నాను, అమ్మ అక్కడ తింటోందన్నాను. "అయితే మీ అమ్మని ఇక్కడికి తీసుకొద్దాం. తర్వాత వెళ్లి అడుగుతాను" అన్నాడు. దాని గురించి ఆలోచిస్తాం.

కోపం ఉంది అతనికి. నాకు కనిపించింది. నేను పళ్లెం కడిగి వచ్చి కూర్చున్నాక అన్నాడు: "ఇంకేమైనా కావాలా నీకు? కావాలంటే నోటితో చెప్పు. నేను ఊహించలేను."

ఎప్పటిలా ఏం వద్దు అనబోయాను. నోటి దాకా వచ్చింది.

"మగ్గం కావాలి" అన్నాను.

"చిన్నదా?"

"చిన్నది కాదు."

"మరి ఎంత వెడల్పు?"

బా మొహా కూడా తల ఎత్తి చూస్తున్నారు. అంకెల్లో చెప్పడం తెలియలేదు. లేచి వాళ్లిద్దరి ముందూ నిలబడి, రెండు చేతులూ పూర్తిగా చాచి చూపించాను.